ఇరవయ్యారో తారీఖు కాగితం

నాకు చదువు రాదంటే ఒప్పుకోను. వచ్చని చెప్పుకోవడానికీ మొహం చెల్లదు. రెండో తరగతి మధ్యలో బడి మానేశాను. తర్వాత పాతికేళ్ళు కలం ముట్టలేదు. ముట్టాక రాసినవి, తారీఖు అంకెలు తీసేస్తే, రెండే రెండు. ఒకటి టిక్కు, రెండోది మా ఆయన సంతకం. ఆ రెండూ ఎంత కుదురుగా రాశానంటే, చూసిన ఆఫీసర్లెవరికీ అనుమానం రాలేదు. అదే మా కొంప ముంచింది.

మా ఆయన పొక్లెయిన్ డ్రైవరు. పెద్ద పెద్ద భవనాలకి పునాదులు తవ్వి, ఆ మట్టిని లారీలకెత్తే బండి. ఇనప గొలుసుల మీద పాకుతూ నడుస్తుంది. దాని తొట్టిలో మా వంటగది మొత్తం, గిన్నెలూ నేనూ సహా పట్టేది. అంత బండి మీద కూర్చునే మనిషి మాత్రం బహు నెమ్మది. ఇంట్లో తలుపు కూడా చప్పుడు కాకుండా వేసేవాడు.

పొద్దున బండెక్కే ముందు దాని చుట్టూ రెండుసార్లు తిరిగేవాడు. చేతిలో చిన్న ఇనప కడ్డీ. గొలుసు మీద కొట్టి చెవి ఒగ్గేవాడు, తొట్టి పిన్నుల మీద కొట్టి వినేవాడు. వంగి కింద నూనె చుక్కలున్నాయేమో చూసేవాడు. గుంత అంచుకి పోయి నేలని మడమతో అదిమి చూసేవాడు. తల పైకెత్తి, కరెంటు తీగ ఎంత ఎత్తులో ఉందో కళ్ళతోనే కొలుచుకునేవాడు. చివరికి పైకెక్కి, వెనక్కి వచ్చేటప్పుడు మోగే హారన్ ఒకసారి మోగించి, అప్పుడు పని మొదలెట్టేవాడు. కొత్తల్లో నేను టిఫిన్ డబ్బా పట్టుకెళ్ళి ఆ ప్రదక్షిణాలన్నీ నిలబడి చూసేదాన్ని. "నన్ను కట్టుకునే ముందు కూడా ఇంత పరీక్షగా చూడలేదు కదండీ" అంటే, "నువ్వు వెనక్కొచ్చి ఎవరినీ తొక్కవుగా" అన్నాడు. నవ్వుకున్నాం.

ఆ సైటులోనే ఈలబాబు ఉండేవాడు. మెడలో ఈల, చేతిలో ఎర్రజెండా ఒకటి, పచ్చజెండా ఒకటి. బండి కదిలేటప్పుడు మనుషుల్ని పక్కకి తోలడం, డ్రైవరుకి సైగ చెయ్యడం అతని పని. అసలు పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. నన్ను వదినా అనేవాడు. అతని భార్య నన్ను అక్కా అనేది, మా ఆయన్ని బావా అనేది. ఒకే మేడలో వాళ్ళది పైవాటా, మాది కింది వాటా. చుట్టరికం ఏమీ లేదు, కానీ వాళ్ళింట్లో ఉప్పు నిండుకుంటే మా ఇంటి డబ్బా పైకి పోయేది, మళ్ళీ దిగేది కాదు. ఈలబాబు ఇంట్లో భార్యని కూడా ఈల వేసే పిలుస్తాడని మేడంతా నవ్వేవాళ్ళం. ఆమె మాత్రం, రెండు ఈలలు వేస్తే అన్నం, ఒక్కటి వేస్తే మంచినీళ్ళు అని మాకు విడమరిచి చెప్పేది.

ఇలా ఉండగా కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. వస్తూనే కాగితాలు తెచ్చాడు. బండెక్కే ముందు డ్రైవరు రోజుకో కాగితం నింపాలట. పదకొండు ప్రశ్నలు. బ్రేకు బాగుందా, అద్దాలు ఉన్నాయా, నేల గట్టిగా ఉందా, పైన తీగలున్నాయా, వెనక హారన్ మోగుతోందా, ఇలాంటివి. ఎదురుగా చిన్న గడి. చూసి, బాగుంటే టిక్కు పెట్టాలి. కింద తారీఖు, సంతకం. మా ఆయన సంతోషించాడు. తను రోజూ చేసేదే కదా, ఇప్పుడు దానికో విలువ వచ్చిందనుకున్నాడు. కడ్డీతో ఒకసారి, కాగితంతో ఒకసారి తిరిగేవాడు. అరగంట పట్టేది. బయట లారీలు వరస కట్టేవి.

వారం తిరక్కుండానే సూపర్‌వైజరు విసుక్కున్నాడు. పొద్దున్నే ఈ రాతకోతలేమిటి, ఇంటిదగ్గర రాసుకుని రావచ్చుగా అని నెలకి సరిపడా కట్ట చేతిలో పెట్టి పంపాడు. మూడు నాలుగు ఎక్కువే ఇచ్చాడు, పాడైతే పనికొస్తాయని.

మా ఆయనకి పనినుంచి వచ్చాక రెండు గంటలపాటు చేతులు వణికేవి. రోజంతా ఆ బండి అదురు చేతుల్లోనే ఉండిపోయేది. నీళ్ళ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకునేవాడు. ఆ చేత్తో కలం పడితే గడి ఒకచోట, టిక్కు ఇంకోచోట. చూడలేక, ఇటివ్వండి అని నేను లాక్కున్నాను. ప్రశ్నలన్నీ ఆయనచేత ఒకసారి చదివించుకుని బట్టీ పట్టేశాను. ఆరోది హారన్, తొమ్మిదోది నేల. సంతకం మాత్రం మూడు రోజులు పట్టింది. వంటింటి నేల మీద సుద్దముక్కతో దిద్దాను. ఆయన పేరులో చివరక్షరానికి ఒక తోక ఉంటుంది, అది తిప్పడం వచ్చేసరికి నా మోకాళ్ళు పట్టుకుపోయాయి. వచ్చాక ఎంత గర్వమో. పైవాటా చెల్లెల్ని పిలిచి చూపించాను కూడా. "అమ్మో అక్కా, ఇంక బావ ఆస్తులన్నీ నీవే" అంది. ఆస్తులంటే ఒక సైకిలు, రెండు మంచాలు.

నెల మొదలయ్యే ముందు రోజు సాయంత్రం కూర్చుని ముప్ఫై కాగితాలకీ టిక్కులు, తారీఖు, సంతకం పెట్టేదాన్ని. పొయ్యి మీద కూర ఉడికేలోపు అయిపోయేది. ఆయన రోజుకొకటి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకెళ్ళేవాడు. మిగతావి అలమారలో ఉండేవి.

మొదట్లో కాగితం సంచిలో ఉన్నా కడ్డీ పట్టుకుని తిరిగేవాడు. తర్వాత రెండుసార్లు తిరిగేది ఒకసారైంది. ఆ తర్వాత కడ్డీ ఇంట్లోనే తలుపు సందున ఉండిపోయింది. అన్నీ బాగున్నాయని సంతకం పెట్టిన కాగితం సంచిలో ఉండగా, మళ్ళీ వంగి చూడాలంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది. ఇది నేను ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆ కడ్డీని తలుపు సందున చూసి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టినదాన్ని నేనే.

హారన్ పాడైన సంగతి నాకు తెలుసు. పదమూడో తారీఖున అన్నం తింటూ చెప్పాడు. సూపర్‌వైజరుకి చెప్పాననీ, సామాను వస్తుంది, పని ఆపకన్నాడనీ చెప్పాడు. మర్నాడూ చెప్పాడట, ఆ మర్నాడూ చెప్పాడట. ఈలబాబు మెట్ల మీదే అడ్డం తగిలి, "హారన్ పోతే పోయింది, నేను లేనూ? నా గొంతుకి సామాను కూడా అక్కర్లేదు వదినా" అని ఈల ఊది చూపించాడు. అప్పటినుంచి బండి వెనక్కి వచ్చినప్పుడల్లా అతనే వెనక నిలబడి ఈల వేసేవాడు. మామూలుగా పక్కన నిలబడే మనిషి వెనక్కి ఎందుకొచ్చాడంటే అందుకే వచ్చాడు.

పదిహేడున పక్కనే కాంక్రీటు కలిపే యంత్రం తిరుగుతోంది. ఆ రొదలో ఈల ఎవరికి వినపడుతుంది. ఇద్దరు కూలీలు అడ్డం వస్తుంటే వాళ్ళని తోలడానికి ఈలబాబు ఇటు తిరిగాడట. బండి వెనక్కొచ్చింది. వెనక గోడ. ఇంతకన్నా నేను చెప్పలేను.

మా ఆయన్ని సైటునుంచే పోలీసులు తీసుకెళ్ళారు. పైవాటాలోంచి ఏడుపు. నేను మెట్లెక్కబోతుంటే సూపర్‌వైజరు వచ్చాడు. నన్ను లోపలికి రమ్మని తలుపు దగ్గరగా వేశాడు. చెల్లెమ్మా అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ అనలేదు. మిగతా కాగితాలు ఎక్కడున్నాయని అడిగాడు.

అలమారలోంచి తీసి చూపించాను. పద్ధెనిమిదినుంచి ముప్ఫై దాకా.

"రేపటి తారీఖు మీద ఇవాళే సంతకం పెట్టినవాణ్ణి ఎవరు వదుల్తారు చెల్లెమ్మా? ఇవి దొరికితే మీ ఆయన ఇంక బయటికి రాడు" అన్నాడు.

నాకు ఆ మాట నిజమనిపించింది. పైగా ఆ సంతకం నాది. ఒక్కొక్కటే పొయ్యిలో పెట్టాను. అతను స్టూలు మీద కూర్చుని చివరిది కాలేదాకా చూశాడు. ఇంటికొచ్చినవాడు కదా అని, బుద్ధిలేక, ఆ మంట మీదే టీ కాచి ఇచ్చాను. తాగాడు. చక్కెర కాస్త తగ్గిందన్నాడు.

విచారణ రోజున నన్ను కూడా కూర్చోబెట్టారు. పొడుగాటి బల్ల, దాని వెనక ఆఫీసరు. పదిహేడో తారీఖు కాగితం మా ఆయన ముందుకి తోశాడు. ప్రమాదం అయ్యాక బండిని పరీక్ష చేశామనీ, హారన్ పనిచెయ్యడం లేదనీ చెప్పాడు. మరి పొద్దున బాగుందని ఎలా రాశావన్నాడు. సూపర్‌వైజరు లేచి, హారన్ పాడైందని తనకి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదని, చెప్పినట్టు కాగితం ఉంటే చూపించమని అన్నాడు. ఉన్న ఒక్క కాగితమూ బల్ల మీదుంది. అందులో ఆరో గడిలో నా టిక్కు నిగనిగలాడుతోంది.

"ఈ సంతకం నీదేనా?" అని అడిగాడు ఆఫీసరు.

మా ఆయన కాగితం చూశాడు. తల తిప్పి నన్ను చూశాడు. నేను లేవబోయాను. వద్దని కళ్ళతోనే అన్నాడు.

"నాదేనండి" అన్నాడు.

అంతే. లోపం తెలిసీ దాచి బండి నడిపాడని రాశారు. ఆ రాత పట్టుకుని కోర్టు రెండేళ్ళు జైలు వేసింది, లైసెన్సు రద్దు చేసింది. తర్వాత నేను ఒక వకీలు దగ్గరికి పోయి, అయ్యా, నెల కాగితాలన్నీ ఒక్కరోజే నింపేవాళ్ళం, ఆ సూపర్‌వైజరే కట్ట ఇచ్చి నింపమన్నాడు అని చెప్పాను. ఆయన హుషారుగా లేచి కూర్చున్నాడు. ముందు తారీఖుల కాగితాలు ఒక్కటి చూపించినా చాలమ్మా, మొత్తం కేసు తిరగబడుతుంది, ఎక్కడున్నాయి అన్నాడు. కాల్చేశానన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అప్పుడర్థమైంది నాకు, సూపర్‌వైజరు ఎవరిని కాపాడుకున్నాడో.

పైవాటా చెల్లెలు ఇల్లు ఖాళీ చేసింది. పోయేరోజు మెట్లు దిగుతూ, మా గుమ్మం ముందు ఆగి, అందరూ వినేట్టు, "హారన్ లేదని తెలిసీ బాగుందని రాసి, చూడకుండా మా ఆయన మీదికి బండి తోలాడు" అంది. తలుపు వెనక నేను నిలబడే ఉన్నాను. చేతిలో ఉప్పు డబ్బా ఉంది, ఎందుకుందో తెలీదు.

మా ఆయన తిరిగొచ్చాక గోదాము కాపలాకి కుదిరాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పొద్దున సైకిలెక్కే ముందు మాత్రం దాని చుట్టూ రెండుసార్లు తిరిగేవాడు. టైరు నొక్కేవాడు, గొలుసు చూసేవాడు, గంట మోగించేవాడు. గోదాములో జీతం తీసుకునేటప్పుడు వేలిముద్ర వేసేవాడట. సంతకం రాదా అంటే రాదనేవాడట. పన్నెండేళ్ళు అలాగే వేశాడు. పోయాడు.

ఆయన పోయిన ఏడాది, పెళ్ళై వెళ్ళిన మా అమ్మాయి దగ్గరికి పోయి ఉందామని ఇల్లు సర్దుతున్నాను. వంటింటి అలమారలో డబ్బాల కింద పరిచిన కాగితాలు లాగుతుంటే ఒకదాని మీద టీ గ్లాసు మరక, గుండ్రంగా. వెలుతురుకి తెచ్చి చూశాను. ప్రమాదం జరిగిన నెల కాగితాలు నింపుతూ ఒకదాని మీద టీ ఒలకబోసుకుని, దాని బదులు ఇంకోటి రాసి, పాడైనదాన్ని డబ్బాల కింద పరిచాను. అంతా మర్చిపోయాను. ఇరవయ్యారో తారీఖు. పదకొండు టిక్కులు. కింద ఆయన సంతకం, తోకతో సహా.

ఇప్పుడు ఏ వకీలుకి చూపించను? కానీ మా ఆయన చెడ్డవాడు కాదని ఒక్క మనిషికి తెలిస్తే చాలనిపించింది. పైవాటా చెల్లెల్ని వెతుక్కుంటూ పోయాను. మూడో అంతస్తులో ఒక్క గది, కిటికీ దగ్గర కుట్టుమిషను. నన్ను చూసి లేవలేదు. పొమ్మనలేదు. కాగితం మిషను మీద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. కట్ట సంగతి, పొయ్యి సంగతి, మా ఆయన సూపర్‌వైజరుకి మూడు రోజులూ చెప్పిన సంగతి.

ఆమెకి చదువొచ్చు. పైనుంచి కింది దాకా చదివింది. తారీఖు మీద వేలు పెట్టింది.

"మా ఆయన పోయి తొమ్మిది రోజులయ్యాక కూడా ఆ బండిలో ఏ లోపమూ లేదన్నమాట."

ఆమె వేలు తారీఖు మీంచి టిక్కుల మీదికి జరిగింది.

"ఇవి కూడా బావ పెట్టినవి కావా?"

"కావమ్మా. అన్నీ నేనే. ఆయన అసలు చూడను కూడా లేదు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చేదాకా నాకు తెలీదు, నేను ఏమంటున్నానో.

ఆమె తలెత్తింది. కోపం లేదు మొహంలో. కోపం ఉండే వయసు దాటిపోయాం ఇద్దరం.

"నేనూ అదే అన్నాను కదక్కా. చూడలేదనే కదా అన్నాను. హారన్ పోయిందని ముగ్గురికి చెప్పి, మళ్ళీ అదే బండెక్కాడు. నువ్వు విని మళ్ళీ ఇదే కాగితం సంచిలో పెట్టి పంపావు. మా ఆయన నవ్వుకుంటూ పోయి వెనక నిలబడ్డాడు. అందరికీ తెలుసు."

కాగితం తీసుకోబోయాను. దాని మీద కత్తెర పెట్టింది.

"ఇది ఇక్కడ ఉంచి వెళ్ళు" అంది.

ఉంచి వచ్చేశాను. గుమ్మం దాటకముందే మిషను చప్పుడు మొదలైంది. మెట్ల మలుపులో కాసేపు నిలబడ్డాను, ఆగుతుందేమో, అక్కా అని పిలుస్తుందేమోనని. ఆగలేదు. రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాను.