బ్రేకు ప్రెటీ మచ్ ఓకే

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఈ కథలో నేను ఎవరెవరి మీద కోప్పడ్డానో వాళ్ళల్లో కొందరికి చివరికి దండం పెట్టుకోవాల్సి వచ్చింది. మొదటివాడు మా బావమరిది. రెండో మనిషి మా ఎర్రపెన్ను మేడం. మూడోది మా ఆవిడే కానీ, ఆవిడ మీద నాకు కోపం ఎప్పుడూ పూర్తిగా రాదు. నాకు వచ్చేలోపే ఆవిడకి వచ్చేస్తుంది.

నేను లిఫ్టు మెకానిక్కుని. అప్పటికి ఈ కంపెనీలో చేరి ఐదు నెలలు. ఆరు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. మూడో నెలలోనే ఒక వార్నింగు లెటరు తెచ్చుకున్నాను. లిఫ్టు తలుపు మూసుకుపోకుండా ఇటుక అడ్డం పెట్టిన వాచ్‌మన్‌ని నాలుగు అంతస్తులకీ వినపడేలా తిట్టినందుకు ఇచ్చారు. ఇంకొక్కటి వస్తే ఇంటికేనని ఆఫీసులో చెప్పేశారు. ఇంట్లో మా ఆవిడకి ఏడో నెల. కాళ్ళ వాపు వల్ల ఆవిడ ఉద్యోగం మానేసి రెండు వారాలైంది. ఇక ఇల్లు నడవాలంటే నా ఉద్యోగం నిలబడాలి.

మా కంపెనీలో తలా ఒక భాష. అందరికీ కలిపి ఇంగ్లీషు. నాకు ఇంగ్లీషు రాదని కాదు, వచ్చు. కానీ నేను మాట్లాడితే గోడకి మేకు కొట్టినట్టుండేది. మధ్యాహ్నం భోజనాల గదిలో ఎవరైనా ఎలా ఉన్నావంటే తక్కినవాళ్ళు "కైండాఫ్ టైర్డ్" అని ఒళ్ళు విరుచుకునేవారు. నేను "టైర్డ్" అని ఊరుకునేవాణ్ణి. పని అయిందా అంటే వాళ్ళు "మోర్ ఆర్ లెస్" అనేవారు, నేను "డన్" అనేవాణ్ణి. మాటలు లెక్కపెట్టి వాడతానని నాకు టెలిగ్రాం అని పేరు పెట్టారు. పైకి నవ్వేవాణ్ణి కానీ లోపల ఉడికిపోయేవాణ్ణి.

మా బావమరిది ఫోన్ల షాపులో సేల్స్‌మన్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంగ్లీషులోనే నాలుక ఆడిస్తాడు. నా గోడు విని, వంటింటి బల్ల ముందు నన్ను కూర్చోబెట్టాడు.

"బావా, నీ ఇంగ్లీషులో తప్పుల్లేవు. అదే నీ తప్పు. వాళ్ళు ఏ మాటా తిన్నగా అనరు. కైండాఫ్ అంటే ఒకరకంగా. సార్టాఫ్ అన్నా అంతే. మోర్ ఆర్ లెస్ అంటే కాస్త అటూ ఇటూగా. ప్రెటీ మచ్ అంటే దాదాపు మొత్తం. వీటికి బరువేమీ ఉండదు. మాట గుచ్చుకోకుండా చుట్టే దూది అనుకో. ఏదీ, వాక్యాల్లో వాడు."

"ఐ యాం కైండాఫ్ హంగ్రీ," అన్నాను.

"బాగుంది. ఇంకోటి."

"ద ఫ్యాన్ ఈజ్ సార్టాఫ్ ఓల్డ్. మై వైఫ్ ఈజ్ మోర్ ఆర్ లెస్ యాంగ్రీ."

మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే అంది, "మోర్. లెస్ లేదు."

ఆ వారమంతా ఇంట్లో సాధన చేశాను. పాలు తెచ్చారా అని మా ఆవిడ అడిగితే "ప్రెటీ మచ్" అన్నాను. నిజానికి మర్చిపోయాను. ఆవిడ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"దీంట్లో పొయ్యండి మీ ప్రెటీ మచ్. కాచి ఇస్తాను, తాగుదురుగాని."

"అక్కా, అది స్టైలే," అన్నాడు బావమరిది.

"ఒరే, స్టైలు నీ షాపులో చూపించు. పొయ్యి దగ్గర కాదు. ఉందో లేదో చెప్తే నాకు పని జరుగుతుంది."

కానీ భోజనాల గదిలో మందు పనిచేసింది. నేను "సార్టాఫ్ బిజీ" అన్న రోజున ఒకతను భుజం తట్టి పక్కన కుర్చీ లాగాడు. పది రోజుల్లో టెలిగ్రాం అనడం మానేశారు. నాకు కొమ్ములొచ్చినట్టయింది.

ఇప్పుడు మేడం సంగతి చెప్పాలి. ఆవిడ మాకు ఇన్‌స్పెక్టరు. అరవైకి దగ్గర పడిన మనిషి, సన్నగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులు. ఆవిడ భాష వేరు, నా భాష వేరు, మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. ఆవిడ మాటలు ఇక్కడ మన భాషలోనే చెప్తాను. ఆవిడకో పద్ధతి ఉంది. బాగుచేసిన లిఫ్టుని జనానికి ఇచ్చేముందు మెకానిక్కు దాని ఎదురుగా నిలబడి, రోపు ఎలా ఉంది, బ్రేకు ఎలా ఉంది, తలుపు ఎలా ఉంది, బెల్లు ఎలా ఉందని నోటితో చెప్పాలి. వాడు ఏ మాట అంటే ఆ మాటనే, ఒక్క అక్షరం దిద్దకుండా, ఎర్రపెన్నుతో లాగ్‌బుక్కులో ఎక్కిస్తుంది. తర్వాత ఆవిడా ఆ మెకానిక్కూ ఎక్కి పైదాకా వెళ్ళి కిందికి రావాలి. అప్పుడు గాని "పని జరుగుతోంది" అన్న బోర్డు తీయదు.

నాకిదంతా ఉత్త తతంగంలా ఉండేది. ఐదు నెలలుగా కండక్టరు స్టాపుల పేర్లు చెప్పినట్టు "రోప్ ఓకే, బ్రేక్ ఓకే, డోర్ ఓకే, బెల్ ఓకే" అనేవాణ్ణి. ఆవిడ రాసుకునేది. ఎక్కేవాళ్ళం, దిగేవాళ్ళం.

ఆ రోజు ఐదంతస్తుల క్లినిక్కులో పని. పొద్దున్న ఏడింటికి లిఫ్టు ఆపాం, పదింటికల్లా ఇచ్చేయాలి. నేను అన్నిటికన్నా పైన ఉండే మోటారు గదిలో బ్రేకు సరిచేస్తున్నాను. బ్రేకుకి రెండు పక్కలా స్ప్రింగు బిగించే బోల్టులుంటాయి. బిగువు సరిపోయాక, అది సడలకుండా ఒక్కో బోల్టు మీద లాక్‌నట్టు బిగించాలి. ఆ బిల్డింగు మేనేజరు తాళాల గుత్తి ఆడించుకుంటూ మూడుసార్లు మెట్లెక్కి వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు నాకు తిక్క రేగింది. పని వదిలేసి గుమ్మంలోకి వెళ్ళి వాడితో వాదన వేసుకున్నాను. వాడు వెళ్ళాక వెనక్కి వచ్చి, మూత బిగించి, సామాను సర్దుకుని దిగాను.

కింద హాల్లో కుర్చీలన్నీ నిండాయి. చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ ఒళ్ళో సంచి పెట్టుకుని లిఫ్టు తలుపుకి అతి దగ్గరగా ఉంది. మేడం పుస్తకం తెరిచింది. నాకు వచ్చిన కొత్త ఇంగ్లీషు ఆవిడకి కూడా వినిపించాలని సరదా పుట్టింది.

"రోప్ ఓకే, కైండాఫ్ డస్టీ," అన్నాను. రాసుకుంది.

"బ్రేక్ ఈజ్ ప్రెటీ మచ్ ఓకే."

పెన్ను ఆగింది. కళ్ళజోడు మీంచి చూసింది.

"మిగతాది ఎక్కడుంది?"

"ఏ మిగతాది మేడం?"

"దాదాపు మొత్తం అన్నావు. అంటే కొంచెం మిగిలింది కదా. అదెక్కడుందో చెప్పు."

"అది ఊరికే మాట మేడం. అందరూ అనేదే."

"భోజనాల గదిలో నేనూ అంటాను. సరే, అది తీసేసి మళ్ళీ చెప్పు."

రెండే ముక్కలు. ఐదు నెలలుగా నిద్రలో కూడా చెప్పగలిగినవి. నోరు తెరిచాను. ఎప్పుడైతే ఆగి చెప్పాల్సి వచ్చిందో, అప్పుడు పైన గది కళ్ళముందు కనపడింది. మొదటి లాక్‌నట్టు బిగించాను, స్పానరు అరచేతిలో నొక్కుకున్న నొప్పి కూడా గుర్తుంది. రెండో పక్కకి తిరిగాను. గుమ్మంలో మేనేజరు బూట్లు. గొడవ. ఆ తర్వాత గుర్తున్నది మూత. మధ్యలో రెండో నట్టు ఎక్కడా లేదు.

"బాగుందనే అంటున్నాడు కదా, తెరవండి," అన్నాడు మేనేజరు.

ఓకే అనేస్తే అయిపోయేది. ఆ రోజుకి లిఫ్టు నడిచేది కూడా. పది రోజులకో, నెలకో, అదిరి అదిరి బిగువు సడలేది, అప్పుడు ఎవరు లోపలుంటే వాళ్ళ అదృష్టం. గుర్తులేదంటే మాత్రం రెండో లెటరు ఖాయం, మా ఆవిడకి ఏం చెప్పుకోవాలో తెలియదు. ముసలావిడ నా వైపే చూస్తూ అడిగింది, "ఇక ఎక్కొచ్చా బాబూ?"

"మేడం, నాకు గుర్తులేదు," అన్నాను.

మేడం పుస్తకం చంకలో పెట్టుకుని మెట్ల వైపు నడిచింది. ఐదంతస్తులు, ఒక చెయ్యి రెయిలింగు మీద వేసి, ప్రతి మలుపులో ఆగి ఊపిరి పీల్చుకుంటూ ఎక్కింది. వెనకాల నేను. మొదటి అంతస్తులో ఆవిడ మీద మండిపడ్డాను. రెండో అంతస్తులో బావమరిదిని తిట్టుకున్నాను, మూడో అంతస్తులో మేనేజరుని. నాలుగో అంతస్తుకి వచ్చేసరికి తిట్టడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

మూత తీశాను. మేడం వంగి, రెండో లాక్‌నట్టుని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పింది. సీసా మూత తిరిగినట్టు తిరిగింది. స్పానరు నా చేతికి అందించింది. బిగించాను. మిగతావన్నీ ఒకటొకటిగా చేత్తో పట్టి చూశాను. కిందికి దిగి, "బ్రేక్ ఓకే," అన్నాను. రాసుకుంది. ఇద్దరం ఎక్కాం, దిగాం. ముసలావిడ లోపలికి వెళ్తూ నా మణికట్టు తట్టి థాంక్స్ చెప్పింది. నేను ఆవిడ మొహం చూడలేకపోయాను.

లిఫ్టు నలభై నిమిషాలు ఆలస్యమైందని మేనేజరు కంప్లయింటు పెట్టాడు. మధ్యాహ్నం మూడింటికి నాకూ మేడంకీ ఆఫీసుకి పిలుపు. పెద్దసారు బల్ల మీద ఒక పక్క కంప్లయింటు, ఒక పక్క లాగ్‌బుక్కు. ఆయన ఎర్ర అక్షరాలు పైకి చదివాడు. "బ్రేకు ప్రెటీ మచ్ ఓకే అన్నాడు. అడిగాను. గుర్తులేదన్నాడు. తెరిచాం. ఒక లాక్‌నట్టు వదులుగా ఉంది. బిగించాడు. బ్రేకు ఓకే అన్నాడు."

ఒక్క ముక్క దాచలేదు మహాతల్లి అనుకున్నాను.

"ఇదివరకే ఒక లెటరు ఉంది. ఇప్పుడు బ్రేకు నట్టే వదిలేశాడు. ఇక మాట్లాడటానికేముంది?" అన్నాడు సారు.

"వదిలేశాడని మీకెలా తెలిసింది?" అని అడిగింది మేడం.

"మీరే రాశారుగా."

"నాకెలా తెలిసింది?"

సారు పుస్తకం మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు. మేడమే చెప్పింది.

"ఇతను చెప్తేనే తెలిసింది. ఇరవై రెండేళ్ళలో నా కింద పదహారు మంది మెకానిక్కులు పనిచేశారు. అందరికీ అన్నీ గుర్తున్నాయి. గుర్తులేదు అన్నవాడు ఇతనొక్కడే. దానికి ఇతన్ని పంపేస్తే, రేపట్నుంచి ఈ పుస్తకంలో ఓకే తప్ప ఇంకో మాట ఎవరూ రాయించరు. అప్పుడు నేను ఏ నట్టుని నమ్మాలి?"

సారు పుస్తకం మూశాడు. తర్వాత నా ఫైలు తెరిచి, ఆరో నెల కోసం ఆగకుండా ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టాడు. "నోరు కాస్త అదుపులో పెట్టుకో. ఆ మేనేజరుతో గొడవ పడకపోతే నట్టు బిగించి ఉండేవాడివి," అన్నాడు. అది నిజం. తల ఊపాను.

బయటికొచ్చాక వరండాలో మేడంని ఆపాను.

"మేడం, ఒక్క మాట. నేను అనుమానం ఉండి ఆ మాట అనలేదు. స్టైలు కోసం అన్నాను."

"తెలుసు. రోపు మీద దుమ్ముకి కూడా కైండాఫ్ తగిలించావుగా."

"మరి ఎందుకాపారు?"

"ఐదు నెలలుగా ఎక్కం అప్పజెప్పినట్టు చెప్తున్నావు. నీ చేత ఒక్కసారైనా ఆలోచించి చెప్పించాలని నేనూ చూస్తున్నాను. ఇవాళ దొరికావు."

థాంక్స్ అన్నాను. ఇంకా చాలా చెప్పాలని ఉంది, కానీ నా ఇంగ్లీషులో గాని, నా భాషలో గాని అంతకు మించి దొరకలేదు. ఆ రోజు ఆవిడ మోకాళ్ళు ఎక్కిన మెట్లు తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు నిండిపోతుంది.

ఇంటికి వెళ్ళేసరికి బావమరిది కూడా అక్కడే ఉన్నాడు. కుర్చీలో కూలబడి జరిగిందంతా చెప్పాను. వాడి మొహం పాలిపోయింది.

"నా వల్లే వచ్చింది బావా ఇదంతా. ఆ మాటలు ఇంక మానెయ్."

నేను వాడి రెండు చేతులూ పట్టుకున్నాను. "ఒరే, నువ్వు నేర్పకపోతే ఎప్పట్లాగే బ్రేక్ ఓకే అని గడగడా చెప్పేసేవాణ్ణి. ఆవిడ రాసేసేది. ఆ ముసలావిడ ఎక్కేసేది. నీ మేలు మర్చిపోలేనురా."

వాడు ఎటు చూడాలో తెలియక నీళ్ళు తాగడానికి లేచాడు.

మా ఆవిడ గుమ్మానికి ఆనుకుని అంతా వింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, నెమ్మదిగా అడిగింది.

"ఇంతకీ ఉద్యోగం ఉన్నట్టేనా?"

"ఉంది."

"మళ్ళీ చెప్పండి."

ఈసారి వెంటనే అనలేదు. సారు ఫైలు తెరవడం, సంతకం పెట్టడం, పెన్ను మూత పెట్టడం, అన్నీ ఒకసారి కళ్ళముందు చూసుకున్నాను. మధ్యలో ఏదీ తప్పిపోలేదు.

"ఉంది," అన్నాను. ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది.