తూర్పు గ్యాలరీలోని పాత గోల

ఆట ఉన్న ఆదివారం మధ్యాహ్నం కళ్ళజోళ్ళ దుకాణం తలుపు దించి, తాళాన్ని లాగి చూసుకొని, గొడుగు చంకన పెట్టుకొని కళ్ళద్దాలాయన మైదానానికి బయలుదేరేవాడు. వాన రానీ, ఎండ కాయనీ, ఆ గొడుగు తప్పదు. తూర్పు గ్యాలరీలో పక్క కుర్చీ మీద దాన్ని పడుకోబెట్టి, ఆ తర్వాతే తాను కూర్చునేవాడు. అది ఆయన భార్య కుర్చీ. ఆమె పోయి ఏళ్ళు గడిచినా అందులో కూర్చుంటానని అడిగినవారు లేరు. అడగనక్కర్లేనన్ని కుర్చీలు ఖాళీగా పడి ఉండేవి.

ఒకప్పుడు ఆ ఫుట్‌బాల్ క్లబ్బు కప్పు గెలిచింది, మళ్ళీ గెలవలేదు. తాతలు నేతులు తాగిన మాట నిజమే, మూతి వాసన చూసేవాడే కరువయ్యాడు. అయితే కప్పు గెలిచిన నాటి గోల మాత్రం తూర్పు గ్యాలరీని విడిచిపోలేదు. ప్రతి ఆటలోనూ, నాడు గోల్ పడిన వేళకు, పైకప్పు రేకుల సందుల్లోంచి అది మెల్లగా లేచి, ఉప్పెనలా జనం మీదికి దిగివచ్చేది. టీ గ్లాసులు వణికేవి. అలవాటైనవారు గ్లాసు మీద అరచెయ్యి పెట్టి, నోరు మెదపక ఆలకించేవారు. అప్పుడు ఎవరూ పలకరాదు. మునుపొకసారి ఎవరి పసిబిడ్డో ఆ వేళకు ఏడిస్తే, ఏడ్చినంత మేరా గోల చిరిగిపోయింది. ఆ ముక్క మళ్ళీ వినబడలేదు.

ఆ గోలకు మొదట ఒక ఆడగొంతు. బంతి గీత దాటకముందే, లోకమంతటికంటే ముందు "గోల్!" అని అరిచింది కళ్ళద్దాలాయన భార్యే. ఆ ఒక్క పిలుపు కోసమే ఆయన రావడం. అందులో ఆయన గొంతు లేదు. అరుస్తూ గంతేసినప్పుడు ఆమె చెప్పు మెట్ల సందులోకి జారితే, వంగి వెతుకుతూ ఉండిపోయాడు.

"ఊరందరికీ చూపునిస్తావు గానీ, గోల్ మాత్రం చూడలేకపోయావు" అని ఆమె బతికినన్నాళ్ళూ దెప్పేది.

"తొందరపాటు మనిషివి! బంతి కంటే ముందు నీ నోరే వలలో పడింది" అనేవాడాయన.

ఆ ఏటి చివరి ఆటకు ముందురోజు, జట్టు గోల్‌కీపర్ విరిగిన కళ్ళజోడుతో దుకాణానికి వచ్చాడు.

"ఏమయ్యా, బంతి కనబడక వదిలేస్తున్నావా, కనబడే వదిలేస్తున్నావా?"

"ఇవి చదువుకోడానికి లెండి బాబాయ్. కాడ బిగించండి చాలు." కళ్ళజోడు బల్ల మీద పెట్టి మళ్ళీ అన్నాడు, "రేపు గెలవకపోతే క్లబ్బు మూసేస్తారట."

"గెలవండి మరి."

"ఎలా గెలవమంటారు? ఆట బిగిసే వేళకు మీరంతా గ్లాసులు మూసుకొని పాత గోల వింటూ కూర్చుంటారు. బతికున్నవాళ్ళ కోసం ఒక్కరూ అరవరు. శవం లేచే ఇంట్లో ఆడినట్టుంటుంది బాబాయ్."

కళ్ళద్దాలాయన కాడ మర బిగించి, కళ్ళజోడు అతని చేతిలో పెట్టాడు.

మర్నాటి ఆటలో చివరిదాకా ఎవరికీ గోల్ పడలేదు. పాత గోల లేచే వేళ సమీపించింది. వెనక వరుసలోంచి, ఉద్యోగం మానినా గొంతు మానని బస్సు కండక్టరమ్మ, "వస్తోంది, గ్లాసులు మూయండి!" అని హెచ్చరించింది. గ్యాలరీ సద్దుమణిగింది. పైన రేకులు కదిలాయి. అరవబోయే ముందు భార్య ఊపిరి అందుకోవడం ఆయనకు స్పష్టంగా వినిపించింది.

అదే సమయాన మైదానంలో ఒక కుర్రాడు బంతితో ఒంటరిగా దూసుకుపోతూ, తలెత్తి గ్యాలరీ వంక చూశాడు. ఇన్ని ముఖాల్లో తనను చూసే ముఖం కోసం వెతుకుతున్న చూపు అది. ఖాళీ ఇంటి తలుపు తీసే ప్రతిసారీ కళ్ళద్దాలాయన చూసే చూపూ అదే.

ఆయన లేచి నిలబడ్డాడు.

"గోల్!"

బంతి ఇంకా కాలిని వదలనే లేదు. పాత గోల నిలువునా చిరిగింది.

"అయ్యో, ఎంత పని చేశావు అన్నయ్యా!" అని నోరు నొక్కుకున్న కండక్టరమ్మే, మరుక్షణం "కొట్టరా నాయనా, కొట్టు!" అని కేక వేసింది. గ్యాలరీ అంతా లేచింది. బంతి వలలో పడింది.

క్లబ్బు నిలిచింది. ఆ సాయంత్రం కళ్ళద్దాలాయన ఇంట్లో పలకడానికి గొంతూ లేదు, పలకరించడానికి మనిషీ లేదు.

మరుసటి ఏడు మొదటి ఆటలో, ఆ వేళకే రేకుల సందుల్లోంచి కొత్త గోల దిగివచ్చింది. దానికి మొదట ఒక ముసలి మగగొంతు, బంతి కాలిని వదలకముందే అరిచినది. ఈసారి ఎవరూ నోరు మూసుకోలేదు. ఎదుట ఆడుతున్నవారి కోసం పెట్టిన కేకల్లో ఆ గొంతూ చిరిగిపోయింది.

"తొందరపాటు మనిషివి అన్నయ్యా!" అని కండక్టరమ్మ వెనకనుంచి నవ్వింది.

ఆ మాట విని ఆయన వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత పక్క కుర్చీ మీది గొడుగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇలా వచ్చి కూర్చోమ్మా" అన్నాడు. "ఇక్కణ్ణించి ఆట బాగా కనబడుతుంది."