మంచాలమ్మ టోకెన్

సుజయ్ కారు ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఆగేసరికి లక్ష్మప్ప కొత్త చీరను మగ్గం మీద నుంచి కోస్తున్నాడు. మిరపపండు రంగు అంచు, దాని మీద పగిలిన పత్తికాయలు. ఇదివరకు అతను సొంతంగా కల్పించిన అంచు డిజైన్లన్నీ మరమగ్గాలవాళ్ళు కాజేశారు. ఇదొక్కటైనా తనదిగా నిలబడాలని లక్ష్మప్ప ఆశ.

సుజయ్‌ది ఆదోని. మగ్గం గుంటలో ఒకనాడూ కాలు పెట్టలేదు గానీ, చేనేతను ఉద్ధరించడానికి కంపెనీ మాత్రం పెట్టాడు.

“నీ డిజైన్‌ను బ్లాక్‌చెయిన్‌లో ఎక్కిస్తే హక్కుపత్రం లాంటి టోకెన్ పుడతాదన్నా. చీరకు ఫోను చూపిస్తే అసలుదో నకిలీదో చెప్పేస్తాది. ఒకసారి ఎక్కినాక దేవుడు దిగొచ్చినా మార్చలేడు.”

“అట్లయితే ఎక్కించప్పా.”

“డిజైన్ ఎవరిది?”

కొత్త అంచు మొదటి చీర మంత్రాలయం అమ్మవారు మంచాలమ్మకు పెట్టేదాకా ‘నాది’ అనకూడదని లక్ష్మప్ప ఇంటి కట్టుబాటు.

“మంచాలమ్మది,” అన్నాడు చీరను కళ్ళకద్దుకుంటూ.

సుజయ్ ఫోనులోంచి తలెత్తకుండా యజమాని పేరు దగ్గర అదే టైపు కొట్టేశాడు.

అమ్మవారికి చీర పెట్టి వచ్చి, లక్ష్మప్ప రెండోది నేశాడు. ఫోను చూపిస్తే ‘యజమాని అనుమతి లేదు’ అని వచ్చింది. సుజయ్‌కి ఫోను చేశాడు.

“ఓనరు సెల్ఫీ పంపి ఒప్పుకోవాలన్నా.”

“ఓనరు గుళ్ళో కూసోనుండాది గదప్పా! ఆయమ్మ సెల్ఫీ యాడ దిగుతాది? నా పేరు రాయి.”

“మార్చేకి రాదన్నా. మార్చలేకపోవడమే మా గొప్ప. దానికే అవార్డు కూడా వచ్చింది.”

ఈలోగా మరమగ్గం జయరాజు ఆ పత్తికాయకు ఒక ఆకు తగిలించి, తన పేరున టోకెన్ పుట్టించుకున్నాడు. అతనికి ఏ దేవతా అడ్డం రాలేదు.

లక్ష్మప్ప చీర పట్టుకుని ఆదోనిలో బడే సాబ్ చీరల అంగడికి పోయాడు. బడే సాబ్ చీరకు ఫోను పెట్టాడు. ‘యజమాని అనుమతి లేదు, నకిలీ’. పక్కనున్న జయరాజు చీరకు పెట్టాడు. ‘అసలు’.

“ఇదేం న్యాయం సాబ్? ఈ అంచు పుట్టిందే నా మగ్గం మీద!”

“నాకు తెలుసు లక్ష్మప్పా. ఫోనుకు తెలీదే!” బడే సాబ్ లక్ష్మప్ప చీరను బొటనవేలితో నలిపి చూశాడు. “అరే, ఇంత మంచి నకిలీ నేనెప్పుడూ సూళ్ళేదు. అసలు కొనలేనోళ్ళు అడుగుతాండారు. ఈ రకం ఇంకా నేసుకొనిరా. ధర మాత్రం నకిలీ ధరే, ముందే సెప్తాండా.”

లక్ష్మప్ప చీరను మడిచి బల్ల మీద పెట్టాడు. తర్వాత, ఎన్ని కావాలని అడిగాడు.