గౌను ముందు, రంగు తర్వాత

బట్టలు కుట్టే మా అక్క కొడుకు ఓడలో వంటవాడు. అక్కడి నర్సును రిజిస్టర్ పెళ్లి చేసుకుని, ఆదివారం ఇంటికి తీసుకొస్తానన్నాడు. ఆ పిల్లకు స్పానిష్ తప్ప మరో ముక్క రాదు. కోడలు గడప తొక్కితే పలకరించడానికి నోరు పెగలదేమోనని అక్కకు ఒకటే బెంగ. స్పానిష్ పాఠాలు చెప్పుకుని బతికే చెల్లెలిని నేనుండగా బెంగెందుకన్నాను. అలా కోరి ఈ పని నెత్తికెత్తుకున్నాను.

ఎర్ర గౌనును స్పానిష్ వాళ్లు 'గౌను ఎర్ర' అంటారని చెబితే, అక్క కుట్టుమిషన్ ఆపకుండానే మూతి తిప్పింది. గౌను కుట్టాకే కదా నువ్వు లేసు వేసేది, అక్కడ రంగూ ఆకారమూ కూడా అంతే అన్నాను. అది ఎక్కింది. ఎంతగా ఎక్కిందంటే, "జాకెట్టు నీలం ఎవరిది? లంగా పొడుగు ఎవరిది?" అని గిరాకీలను అడగడం మొదలుపెట్టింది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, మా అక్కకు ఆరు రోజులు చాలాయి. వచ్చినవాళ్లు నా వైపు జాలిగా చూసి వెళ్లారు.

శనివారం 'నా ముద్దుల కూతురా' అనడం నేర్పమంది. ఇందులో 'ముద్దుల' ముందే వస్తుందన్నాను.

"వారమంతా వెనక, వెనక అని చంపి, ఇప్పుడు ముందంటావేంటే?"

పది గౌన్లలో ఏదో తెలియాలంటే రంగు వెనక చెబుతారు, ప్రేమ అలా గుర్తుపట్టడానికి చెప్పేది కాదు, మనసులో ముందే ఉంటుంది గనక ముందొస్తుంది అన్నాను. అక్క మిషన్ ఆపింది. ఇంకా చూడని పిల్ల మీద దానికి అంత ప్రేమ ఉందని నాకప్పుడే తెలిసింది.

ఆదివారం కోడలు లోపలికి రాగానే అక్క "మి కెరీదా ఇహా" అంది, ఎక్కడా తడబడలేదు. ఆ పిల్ల బావురుమని, గడగడా ఏదేదో చెప్పుకుపోయింది. అక్క బిత్తరపోయింది. అనడం నేర్పాను గానీ వినడం నేర్పలేదు నేను. తెలుగులో చెప్పబోయి కొడుకు, నేను ఒకేసారి నోరు తెరిచాం.

"మీరిద్దరూ ఊరుకోండి. అది నాతో చెబుతోంది."

పక్కన కూర్చోబెట్టుకుని, చల్లబడ్డ ఆ చేతులు పట్టుకుని చివరిదాకా వింది. తర్వాత ఆ పిల్ల మొహం తుడిచి, తెలుగులోనే చెప్పింది.

"నాకూ భయమేసిందమ్మా. నీకు నచ్చుతానో లేదోనని."

ఆ పిల్ల అంతసేపూ చెప్పింది అదే.