పోటు గీతకు లోపల

అశ్వారావుపేట దాటి అడవి అంచున ఉన్న తండాలో పుట్టిన హేమ్లి, విశాఖపట్నంలో సముద్రతీర చట్టాలు బోధించే లెక్చరరైంది. తండాలో చుట్టాలకు అదొక వింత. "ఒడ్డు మీద ఏం కట్టొచ్చు, ఏం తవ్వకూడదు, గదే నేను చెప్పే చదువు" అని ఆమె వివరిస్తే, "సముద్రానికి గూడ పట్వారీ ఉంటడా?" అని నవ్వేవాళ్లు.

తొంభై అయిదు ఎండాకాలంలో ఇంటికొచ్చిన హేమ్లికి ఒక్కచోట కూర్చోబుద్ధి కాలేదు. మంచం మీద కూర్చునేది, లేచి బోరింగు దాకా నడిచేది, ఊరికే వెనక్కి వచ్చేది.

"కాలు నిలుస్తలేదేంది నీకు?" అంది తల్లి గోరి.

"ఏం లేదు యాడీ."

ఉన్నది చెబితే తల్లి అన్నం మానేస్తుంది. కృష్ణా జిల్లా సముద్రతీరంలో ఒక మత్స్యకారుల పల్లె పక్కన, పోటు నీరు వచ్చే గీతకు అయిదు వందల మీటర్ల లోపల, చట్టం ఒప్పుకోని చోట రొయ్యల చెరువులు తవ్వారు. పల్లె బావుల్లో నీళ్లు ఉప్పగా మారాయి. ఆ నీళ్లు పరీక్ష చేయించింది హేమ్లే. వచ్చేవారం కోర్టు విచారణలో సాక్ష్యం చెప్పాలి. ఆ చెరువులు వేంసూరు రైతు చెంచురామయ్యవి. హేమ్లి తండ్రి రామ్‌సింగ్ చచ్చేదాకా ఆయన పొలంలోనే పనిచేశాడు. పదో తరగతి కాగానే హేమ్లిని జీపులో ఖమ్మం తీసుకెళ్లి, హాస్టల్లో సీటు ఇప్పించింది ఆయనే. తమ్ముడు కిషన్‌లాల్ ఇప్పుడు ఆ చెరువుల మీద సూపర్‌వైజరు.

సంగతి తెలిసి కిషన్‌లాల్ ఆ సాయంత్రమే బస్సు దిగాడు.

"నాకు తెల్వదని చెప్పు అక్కా. నిన్నెవలు నిలదీస్తరు?"

"ఆ నీళ్లు సీసాలల్ల పట్టిందే నేను. తెల్వదని ఎట్లంటరా?"

"మరి చెరువులు మూస్తే నేనేం జెయ్యాలె? మల్ల తునికాకు తెంపాలెనా?"

కిషన్‌లాల్ అన్నం తినకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె నేరుగా వేంసూరు వెళ్లింది. చెంచురామయ్య వసారాలో పడక కుర్చీలో ఉన్నాడు. "రామ్మా, కూర్చో" అన్నాడు. ఆమె కూర్చోలేదు.

"అయ్యగారూ, విచారణలో మీ చెరువుల మీద చెప్పబోతున్న. మీకు ఇంకెవరో చెప్పేకంటే నేనే చెప్పాలని వచ్చిన."

ఆయన ముందు నవ్వాడు. తర్వాత ముఖం మారింది. "నిన్ను చదివించింది ఇందుకేనా?"

"పల్లె ఆడవాళ్లు మంచినీళ్లకు పొద్దున పోయి మధ్యాహ్నానికి వస్తున్నరు. నా కళ్లతోటి చూసిన."

"చెప్పుకో పో. ఇక ఈ గుమ్మం తొక్కకు" అని ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

విచారణలో చెరువుల తరపు వకీలు ఆమెను ఎగాదిగా చూశాడు. "మీది అడవి ఊరట కదా. సముద్రం సంగతి మీకేం తెలుసు?"

హేమ్లి ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ తనను తాను అడుగుతూ వస్తున్న ప్రశ్నే అది. "నేను సముద్రం దగ్గర పుట్టలేదండి. అక్కడికి వెళ్లి చూశాను. చూసిందే చెబుతున్నాను" అంది.

ఆ ఏడాది చివర్లో చెరువులు మూసేశారు. కిషన్‌లాల్ తిరిగొచ్చి పామాయిల్ తోటల్లో ట్రాక్టర్ నడపసాగాడు. అక్కతో మాట్లాడటం మానేశాడు. యూనివర్సిటీలో కూడా ఎవరూ ఆమెను మెచ్చుకోలేదు. తీరం మీద ఆమెకు రావాల్సిన పెద్ద ప్రాజెక్టు మరొకరికి పోయింది. చెరువులు మూస్తే బావులు బాగవుతాయనుకుంది గాని, రెండు వానాకాలాలు గడిచినా నీళ్లు మారలేదు. సెలవు దొరికితే చాలు, బావుల నీళ్లు చూడటానికి ఆ పల్లెకు పరుగెత్తేది.

ఒకసారి ఆమె తండాకు వచ్చి తిరిగి బయలుదేరుతుంటే, కిషన్‌లాల్ బస్టాండులో ఎదురుపడ్డాడు. భుజాన సంచి ఉంది.

"మల్ల ఆ పల్లెకేనా?"

"అవ్."

"నేను గూడ వస్త. నాకు అన్నం పెట్టిన ఇండ్లు ఉన్నయి అక్కడ."

మర్నాడు పల్లెలో బావి దగ్గర కిషన్‌లాల్ బొక్కెనతో నీళ్లు తోడి, దోసిట పట్టి తాగాడు. వెంటనే ఉమ్మేశాడు.

"ఇంకా ఉప్పే అక్కా."

"అవ్" అంది హేమ్లి. ఇద్దరూ తర్వాతి బావి వైపు నడిచారు.