మత్తులో చెప్పిన పాఠం

ఆ ఆపరేషన్ బల్ల మీదున్నది ఇటుకలు మోసే మనిషి. గర్భసంచి తీయించుకోవడానికి వచ్చింది. ఆమెకి మత్తు ఎక్కగానే పెద్ద డాక్టరు డాక్టరీ చదివే మమ్మల్ని వరసలో నిలబెట్టాడు. ఒకరి తర్వాత ఒకరం చెయ్యి పెట్టి లోపలి పరీక్ష నేర్చుకోవాలి. అది ఆమె జబ్బు కోసం కాదు, మా చదువు కోసం. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. మీ అమ్మకో అక్కకో ఇలా చేస్తే ఊరుకుంటారా? మేం ఊరుకున్నాం.

ఎందుకో చెప్తాను. ఆయన మొదటి గ్లౌజులు ఎవరికి అందిస్తే వాళ్ళే ఆయన మనిషి. అవి రోజూ మెడల్‌కే అందేవి. మెడల్ అంటే మా క్లాసు ఫస్టు పిల్ల, ఏటా మెడల్ దానిదేనని ఆ పేరు పెట్టాం. నేను సెకండు. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. అది దగ్గితే జ్వరం కూడా వస్తే బాగుండుననుకునేదాన్ని. ఏ పుస్తకంలోనూ లేని ఈ కుళ్ళుని ఆయన మాకు శ్రద్ధగా నేర్పాడు.

ఆరోజు మెడల్ చెయ్యి చాచలేదు.

"ఆవిడ్ని అడిగారా సార్?"

"చదువుకోడానికొచ్చావా, నాకు చెప్పడానికొచ్చావా? బయటికి పో! క్షమాపణ రాసిచ్చేదాకా నీకు పరీక్షల్లేవు." గ్లౌజులు నావైపు తిప్పాడు. "నువ్వు రా. ఇక ఫస్టు నువ్వే."

ఓరి నాయనో, ఎన్నాళ్ళు కలగన్నాను! తీరా అందితే ఏడుపొచ్చింది. అడిగే ధైర్యం కూడా దానికే ముందు రావాలా? "నాకొద్దు సార్" అని నేనూ బయటికొచ్చేశాను. మిగతావాళ్ళు వరసగా కానిచ్చారు.

సాయంత్రం మెస్సులో అందరం చేరాం.

"దాని నోటి దురద, అదే పడుతుంది" అంది ఒకతె.

"మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. నీళ్ళలో ఉండి మొసలితో వైరమా?" అన్నాడు కళ్ళద్దాలవాడు.

నేను బల్ల గుద్దాను. "అది పోతే దాని బంగారు మెడల్ నాకొస్తుంది. నేనే వద్దంటుంటే మధ్యలో నీకేంట్రా నొప్పి? మనం ఒకళ్ళమీద ఒకళ్ళం పడి ఏడుస్తుంటే ఆయనకి పండగ. అందరం గ్లౌజులు వద్దంటే ఎంతమందిని తప్పిస్తాడు?"

మెడల్ అనుమానంగా చూసింది. "నామీద ప్రేమేనా ఇదంతా?"

"నీ మొహం! నువ్వొక్కదానివే గొప్పదానివైపోతావని."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే సగం భయం పోయింది.

మర్నాడు ఆడవాళ్ళ వార్డుకెళ్ళి జరిగింది చెప్పాం. ఇటుకలావిడ పడుకున్నచోటి నుంచే మా మొహాలు ఒక్కొక్కటీ చూసింది.

"అడిగుంటే సరేననేదాన్నేమో, చదువుకునే పిల్లలు కదా. దొంగతనంగా ఎందుకు చేశారమ్మా?"

పక్క మంచాలవాళ్ళు తిట్లు అందుకున్నారు. మమ్మల్నీ తిట్టారు, ఆయన్నీ తిట్టారు. చెప్పి ఒప్పించందే ఒక్కరం కూడా బల్లెక్కేది లేదన్నారు. మేం వెళ్ళి పెద్ద డాక్టరు గది ముందు బైఠాయించాం. అడక్కుండా ఎవరినీ ముట్టుకోకూడదు, మెడల్‌ని పరీక్ష రాయనివ్వాలి అన్నాం. ఆయన మాట్లాడ్డానికి రాలేదు, పోలీసుల్ని పిలిపించాడు.

"మీ లీడరెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మెడల్ లేవబోయింది. దాని భుజం నొక్కి నేను లేచాను. అది నన్ను తోసుకుని లేచింది. ఈలోగా వెనకున్నవాళ్ళంతా లేచారు, కళ్ళద్దాలవాడితో సహా.

మమ్మల్ని ఎక్కించుకున్న పోలీసు వ్యాను కదులుతుంటే వెనక్కి చూశాం. మేం లేచిన చోట మొదటి సంవత్సరం పిల్లలు వచ్చి కూర్చుంటున్నారు. ఆ ధైర్యానికి మాకు ఇన్నేళ్ళు పట్టింది, వాళ్ళకి మొదటి నెల్లోనే వచ్చేసింది. "చూడవే వాళ్ళని!" అని మెడల్‌ని గిల్లాను. నా జన్మలో ఎవర్ని చూసీ అంతలా కుళ్ళుకోలేదు.