వీరాయి మాట

పొద్దున్నే తేన్మొళి తన అమ్మ వీరాయికి ఒళ్లు తుడిచి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, రాగి గంజి చెంచాతో పట్టి, బ్యాంకుకి బయల్దేరింది. రెండేళ్లుగా ఆమె పొద్దులన్నీ ఇట్లాగే మొదలవుతున్నాయి.

వీరాయి ముప్పై ఏళ్లు కోయంబత్తూరు వీధులు ఊడ్చి రిటైరైంది. అప్పుడొచ్చిన డబ్బు తన ఒక్కదాని పేరునే డిపాజిట్టు వేసుకుంది. ఇల్లూ ఆమె పేరునే. "తర్వాత చూసుకుందాంలే" అంటూ ఏ కాగితమూ రాయించకముందే పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. నోరూ పడిపోయింది.

మాట మాత్రం వీధి కుళాయిలోకి పోయి చేరింది. పదిరోజులకొకసారి నీళ్లొచ్చినప్పుడు ధారతోపాటు వీరాయి గొంతు కూడా వచ్చేది. ఆడవాళ్లు బిందెలు పట్టుకుంటూ ఆమెతో మాట్లాడి, నీళ్లు మోసుకుపోయేవారు.

"మీ అమ్మ తరఫున నువ్వు సంతకం పెట్టేందుకు పవర్ పత్రం లేనిదే డిపాజిట్టు తియ్యలేమమ్మా," అన్నారు బ్యాంకులో, ఎప్పటిలాగే.

"పవర్ ఇచ్చే మనిషి అర్థమయ్యి, తన మాటగా చెప్పాల. తల ఊపితే చాలదు," అన్నారు రిజిస్ట్రారు ఆఫీసులో.

"లేకుంటే కోర్టుకి పోవాల్సిందే. ఏడాది పట్టొచ్చు, రెండేళ్లూ పట్టొచ్చు," అన్నాడు పత్రాలు రాసే సెంతిల్. "ఆమె బాగున్నప్పుడే ఒక్క పూట వచ్చుంటే ఇదంతా ఉండేదా అక్కా?"

ఆ మాట వినీ వినీ తేన్మొళికి చెవులు కాలిపోయాయి. మొగుడు పోయాక తిరుప్పూరు బనియన్ కంపెనీలో కుట్టుపనితో బతికిన మనిషి. అమ్మ కోసం అదీ వదిలేసింది. తమ్ముడు వినోత్ అన్నూరు మిల్లులో సూపర్‌వైజరు. నెలకొకసారి యాపిల్ పళ్లతో వచ్చి, "ఇల్లు అమ్మి అమ్మని ఏదైనా హోములో పెడదాంక్కా" అని సలహా ఇచ్చి పోయేవాడు.

ఆ వారం నీళ్లొచ్చినప్పుడు తేన్మొళి బిందె కూడా పెట్టకుండా కుళాయి ముందు కూర్చుంది.

"అమ్మా, రిజిస్ట్రారు ఆఫీసరు ఇంటికొస్తాడు. పవర్ ఎవరికిస్తావంటే చెప్పాల. సరేనా?"

"పాంచాలీ, నీ కోడలికి నెల తప్పిందంటనే, నిజమా?" అంది కుళాయి, వెనక బిందెతో నిలబడ్డ పక్కింటావిడతో.

"అమ్మా, నేను అడిగేదేమి, నువ్వు చెప్పేదేమి!"

"నిన్న గంజిలో ఉప్పు లేదే," అంది వీరాయి. నీళ్లు ఆగిపోయాయి.

తేన్మొళి ఇంట్లోకొచ్చి గిన్నె విసిరికొట్టింది. మంచంమీద అమ్మ ఆమెనే చూస్తోంది. ఆ చూపుకి కోపం ఇంకా ఎక్కువైంది.

ఆఫీసరు మొదటిసారి వచ్చినరోజు నీళ్లు పొద్దున్నే వచ్చి వెళ్లిపోయాయి. రెండోసారి నీళ్లొచ్చాయి, ఆఫీసరు రాలేదు. తేన్మొళి వాల్వు తిప్పే కాళియప్పన్ దగ్గరికి పోయి, "అణ్ణా, గురువారం మూడు గంటలకి మా వీధికి విప్పవా?" అని చేతులు పట్టుకుంది.

"ట్యాంకు నిండితే నువ్వు అడగాల్నా తల్లీ?" అన్నాడతను.

గురువారం ట్యాంకు నిండింది. మూడు గంటలకి కుళాయి గురగురమంది. ఆఫీసరు కుర్చీ వీధిలో వేశారు. మంచాన్ని గుమ్మం దాకా తెచ్చారు. సెంతిల్ తేన్మొళి పేరుతో పత్రం సిద్ధంగా పట్టుకున్నాడు. సాక్షి సంతకానికి వినోత్ వచ్చాడు.

ఆఫీసరు తమిళంలో అడిగాడు. వీరాయి తమిళంలోనే తన పేరు, ఊరు, ఆ రోజు తేదీ గడగడా చెప్పింది. ఆయన తల ఊపి రాసుకున్నాడు.

"అధికారం ఎవరికిస్తున్నారమ్మా?"

"నా కొడుకు వినోత్‌కి."

తేన్మొళికి ఒక్క క్షణం ఏమీ వినబడలేదు.

"మలం ఎత్తింది నేను," అంది మెల్లగా. తర్వాత గొంతు లేచింది. "రెండేండ్లు ఒక్కదాన్నే చేసినా! వాడు యాపిల్ పండ్లు తెచ్చినాడు! నేను పరాయిదాన్నైతినా అమ్మా?"

వినోత్ ముఖం పాలిపోయింది. "నేను సాక్షికి వచ్చినా అమ్మా. నాకు మిల్లులో షిఫ్టు ఉండాది. ఈ ఆఫీసులూ బ్యాంకులూ నావల్ల..."

"అందుకే," అంది వీరాయి. నీళ్లు చప్పుడు చేస్తూ బండమీద పడుతున్నాయి. "తిరగడం వాడు నేర్చుకోనీ. డిపాజిట్టులోనుంచి పాంచాలికి జీతం ఇచ్చి పగలు నన్ను చూసుకోమనండి. ఇల్లు నా ఊపిరి ఉన్నంతవరకు అమ్మకూడదని రాయండి సార్. నా తర్వాత అది తేన్మొళిది. అదీ వేరే కాగితంలో ఈ రోజే రాయండి."

సెంతిల్ రెండు పత్రాలూ కొత్తగా టైపు చేయించడానికి స్కూటరు మీద దూసుకుపోయాడు. ధార సన్నబడసాగింది. పాంచాలి కాళియప్పన్‌కి ఫోన్ చేసింది. అతను పక్క వీధికి తిప్పాల్సిన వాల్వు అరగంట తిప్పకుండా అక్కడే బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు.

పత్రాలు వచ్చాయి. ఆఫీసరు రెండూ చదివి వినిపించాడు. "ఆమా సార్," అని తమిళంలో అవునంది వీరాయి ప్రతి మాటకీ. ఆమె ఎడమ బొటనవేలికి సిరా రాసి ముద్ర వేయించారు. వినోత్ సంతకం చేశాడు.

తేన్మొళి కుళాయి దగ్గరే నేలమీద కూలబడిపోయింది. చీర కుచ్చెళ్లు తడిసిపోయాయి.

"తేనూ," అంది వీరాయి. దారమంత ధార. "నీకు నలభై రెండేండ్లు. నువ్వు కుట్టిన చొక్కాలు ఎన్ని దేశాలకి పోయినాయో! నువ్వు ఈ మంచం కాడనే ఉంటే నాకు చావబుద్ధి కాదు, బతకబుద్ధీ కాదు. పోవే."

నీళ్లు ఆగిపోయాయి. తేన్మొళి ఏదో అనబోయింది గానీ ఇక బదులిచ్చేవి గుమ్మంలో మంచంమీదున్న కళ్లు మాత్రమే.

సోమవారం ఆమె ఆరు గంటల బస్సెక్కింది. కంపెనీలో కొత్త మిషను ఇచ్చారు. మొదటి చొక్కా చెయ్యి వంకరగా కుట్టుకుపోయింది. విప్పి మళ్లీ మొదలుపెడుతుంటే వినోత్ ఫోన్ చేశాడు.

"అక్కా, బ్యాంకులో గంట నుంచి నిలబడుండా. ఇప్పుడు ఇంకో కాగితం అడుగుతాండారే! ఏం చేసేది?"

తేన్మొళికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

"మూడో కౌంటర్లో అడగరా," అని ఫోన్ పెట్టేసి, పెడల్ మీద కాలు నొక్కింది.